నడుం నొప్పి ఫైలులో కనిపించని పేరు: ఎంఆర్ఐకి పునాది వేసిన ఇసిడోర్ రాబీ కథ

1987 చివరి రోజులు. న్యూయార్క్‌లో క్యాన్సర్‌తో బాధపడుతున్న ఎనభై తొమ్మిదేళ్ల వృద్ధుడిని డాక్టర్లు ఎంఆర్ఐ స్కాన్‌కు పంపారు. బల్ల మెల్లగా గొట్టంలోకి జరిగింది. గొట్టం లోపలి గోడ అద్దంలా మెరుస్తుండటంతో, వంకర తిరిగిన తన ముఖం ఆయనకు అందులో కనిపించింది. తన పని ఇంతదాకా వస్తుందని ఎన్నడూ ఊహించలేదని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

ఆ వృద్ధుడి పేరు ఇసిడోర్ ఐజాక్ రాబీ. ఆ యంత్రం ఏ సూత్రం మీద నడుస్తుందో దాన్ని ప్రయోగశాలలో మొదటిసారి పట్టుకున్నది ఆయన బృందమే. అది 1938 నాటి మాట. అప్పటికి ఆయన మనసులో ఆసుపత్రి లేదు, రోగి లేడు, వెన్నెముక అసలే లేదు.

ఇవాళ మన ఇళ్లలో ఎవరి నడుం నొప్పి ఫైలు తెరిచినా ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనే అక్షరాలు కనిపిస్తాయి. పక్కనే నలుపు తెలుపుల్లో వెన్నెముక ఫిల్ము ఉంటుంది. స్కాన్ తీసిన సెంటర్ పేరు, రిపోర్టు మీద సంతకం చేసిన డాక్టర్ పేరు కూడా ఉంటాయి. రాబీ పేరు మాత్రం ఎక్కడా ఉండదు. క్రిస్టఫర్ నోలన్ తీసిన 'ఓపెన్‌హైమర్' సినిమా చూసినవాళ్లకు, హీరోకు నారింజ తొనలు అందించే స్నేహితుడిగా ఆయన గుర్తుండవచ్చు. ఆయన జీవితంలో సినిమా చూపించింది ఒక ముక్క మాత్రమే.

బ్రౌన్స్‌విల్ కుర్రాడు

రాబీ 1898 జూలై 29న రిమనూఫ్ అనే ఊళ్లో, పేద యూదు కుటుంబంలో పుట్టారు. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని గలీసియా ప్రాంతం. ఇప్పుడు పోలండ్‌లో ఉంది. నాన్న డేవిడ్ ముందుగా అమెరికా వెళ్లి, కొంతకాలానికి భార్యను, పసివాడైన కొడుకును రప్పించుకున్నారు. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో ఇరుకు ఇంట్లో కాపురం. నాన్న బట్టలు కుట్టేవారు. తర్వాత కుటుంబం బ్రూక్లిన్‌లోని బ్రౌన్స్‌విల్‌కు మారి చిన్న కిరాణా కొట్టు పెట్టుకుంది.

ఇంట్లో ఇడ్డిష్ భాష, కట్టుదిట్టమైన మతాచారం. కుర్రాడు మాత్రం వీధి గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా చదివేవాడు. అలా ఖగోళశాస్త్రం పుస్తకం ఒకటి చేతికొచ్చింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ వివరణ అందులో చదివి, అంత సులువుగా లెక్క తేలిపోతుంటే ఇక దేవుడి అవసరం ఏముందని ఇంటికొచ్చి అమ్మానాన్నలను అడిగాడట. పదమూడో ఏట యూదు బాలురకు జరిగే బార్ మిట్స్వా వేడుకలో మతగ్రంథం గురించి మాట్లాడటం రివాజు. అతను విద్యుత్ దీపం ఎలా వెలుగుతుందో ఇడ్డిష్‌లో వివరించాడు.

అమ్మ పెద్దగా చదువుకోలేదు. కొడుకు బడి నుంచి రాగానే ఏం నేర్చుకున్నావని అడగకుండా, ఇవాళ మంచి ప్రశ్న ఏదైనా వేశావా అని అడిగేదట. తాను శాస్త్రవేత్త కావడానికి కారణం ఆ అలవాటేనని రాబీ పెద్దయ్యాక పదే పదే గుర్తు చేసుకునేవారు.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్‌లో చేరి, రసాయనశాస్త్రానికి మారి, 1919లో డిగ్రీ పూర్తి చేశారు. యూదులకు కంపెనీల్లోనూ, విశ్వవిద్యాలయాల్లోనూ తలుపులు సగం మూసి ఉన్న కాలమది. కొన్నాళ్లు లెడర్లీ లేబొరేటరీస్‌లో పనిచేశారు. ఆ పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో చేరి, జీవితాంతం పరిశోధనలు చేసిన సంస్థ అదే. రాబీ అక్కడ ఎక్కువ రోజులు ఉండలేదు. తర్వాత పద్దులు రాసే ఉద్యోగం చేశారు. ఇలా మూడేళ్లు గడిచిపోయాక మళ్లీ చదువులోకి వచ్చారు. తనకు రసాయనశాస్త్రంలో నచ్చేదంతా నిజానికి భౌతికశాస్త్రమేనని అప్పుడే తెలిసొచ్చింది. 1923లో కొలంబియా విశ్వవిద్యాలయానికి మారారు. కాబోయే భార్య హెలెన్ న్యూమార్క్ న్యూయార్క్‌లో చదువుతుండటం కూడా ఆ మార్పుకు ఒక కారణం.

సులువు దారి, కలకత్తా పాఠకుడు

పీహెచ్‌డీ కోసం కొన్ని స్ఫటికాలు అయస్కాంతానికి ఎంతగా స్పందిస్తాయో కొలవాల్సి వచ్చింది. అప్పటికున్న పద్ధతిలో ప్రతి స్ఫటికాన్నీ లెక్క ప్రకారం కోసి, నునుపు చేసి, తూచాలి. నెలల తరబడి చాకిరీ. రాబీకి ఆ ఓపిక లేదు. మాక్స్‌వెల్ పుస్తకం చదువుతుండగా వేరే దారి తట్టింది. స్ఫటికాన్ని ఒక ద్రావణంలో వేలాడదీసి, ద్రావణం గాఢతను మార్చుకుంటూ పోవాలి. అయస్కాంతం ఆన్ చేసినా స్ఫటికం కదలని క్షణం వచ్చిందంటే ద్రావణం, స్ఫటికం రెండూ సమానంగా స్పందిస్తున్నట్టే. ఇక ద్రావణాన్ని కొలిస్తే చాలు. 1926 జూలై 16న ఆ పరిశోధన వ్యాసాన్ని పంపించి, మర్నాడే హెలెన్‌ను పెళ్లి చేసుకున్నారు.

ఆ వ్యాసాన్ని అమెరికాలో పట్టించుకున్నవాళ్లు తక్కువ. శ్రద్ధగా చదివి, ఆ పద్ధతిని తన పరిశోధనల్లో వాడుకున్నది మన దేశంలో ఉన్న కె.ఎస్. కృష్ణన్. కలకత్తాలో సి.వి. రామన్‌తో కలిసి రామన్ ఎఫెక్ట్ ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త ఆయన. పని చేస్తే సరిపోదు, దాన్ని నలుగురికీ చెప్పుకోవాలి కూడా అని రాబీ నేర్చుకున్న పాఠం ఇదే.

1927లో ఫెలోషిప్ మీద యూరప్ వెళ్లారు. క్వాంటమ్ సిద్ధాంతం అప్పుడప్పుడే రూపు దిద్దుకుంటోంది. హాంబర్గ్‌లో పౌలీ దగ్గర సిద్ధాంతం నేర్చుకోవాలని వెళ్లి, అదే ఊళ్లో ఒట్టో స్టెర్న్ ప్రయోగశాలకు ఆకర్షితులయ్యారు. స్టెర్న్, గెర్లాక్ 1922లో వెండి పరమాణువుల పుంజాన్ని అయస్కాంతం గుండా పంపి, అది రెండుగా చీలడం చూపించారు. పరమాణువులు చిన్న అయస్కాంతాల్లా ప్రవర్తిస్తాయనడానికి, అవి ఎటుబడితే అటు కాకుండా కొన్ని దిశల్లోనే నిలబడతాయనడానికి అది కంటికి కనిపించే రుజువు. రాబీ అక్కడే ఆ ప్రయోగాన్ని ఇంకా కచ్చితంగా చేసే పద్ధతి ఒకటి కనిపెట్టారు. 1929లో, హైజెన్‌బర్గ్ సిఫారసుతో, కొలంబియాలో అధ్యాపకుడి ఉద్యోగం వచ్చింది.

ఉయ్యాల ఊపిన రేడియో తరంగం

రాబీ పట్టుకోవాలనుకున్నది పరమాణు కేంద్రకంలో దాగిన అయస్కాంతత్వాన్ని. ఎలక్ట్రాన్ అయస్కాంతత్వంతో పోలిస్తే అది వందల, వేల రెట్లు బలహీనం. ప్రయోగశాలకు డబ్బు కూడా అంతంత మాత్రమే. 1934లో నోబెల్ అందుకున్న సహోద్యోగి హెరాల్డ్ యూరీ, కార్నెగీ సంస్థ తనకిచ్చిన పరిశోధన నిధిలో సగం తీసి రాబీకి ఇచ్చారు. ప్రయోగశాల నిలబడింది.

1937లో డచ్ శాస్త్రవేత్త కార్నీలిస్ గోర్టర్ ఆ ప్రయోగశాలకు వచ్చారు. రేడియో తరంగాలతో కేంద్రకాలను కదిలించాలని తాను ప్రయత్నించి విఫలమైన సంగతి చెప్పారు. రాబీ బృందం తమ పరికరాన్ని వెంటనే మార్చడం మొదలుపెట్టింది.

ఆ ప్రయోగాన్ని అర్థం చేసుకోవడానికి బొంగరాన్ని తలచుకుంటే చాలు. తిరుగుతున్న బొంగరం కాస్త ఒరిగినప్పుడు పడిపోకుండా, తల ఊపుతూ గుండ్రంగా తిరుగుతుంది. అయస్కాంత క్షేత్రంలో కేంద్రకం కూడా అంతే. అది సెకనుకు ఎన్నిసార్లు అలా తల ఊపుతుందన్నది క్షేత్రం బలాన్ని బట్టి ఉంటుంది. సరిగ్గా అదే వేగంతో రేడియో తరంగం తాకితే కేంద్రకం తలకిందులవుతుంది. ఉయ్యాలను దాని లయకు తగ్గట్టు తోస్తే చిన్న పిల్ల చెయ్యి కూడా పెద్ద ఊపు తెప్పించినట్టు. లయ తప్పితే ఎంత తోసినా లాభం లేదు. దీన్నే అనునాదం అంటారు.

రాబీ పరికరంలో అణువుల పుంజం ఒక అయస్కాంతం వల్ల పక్కకు వంగి, రెండో అయస్కాంతం వల్ల మళ్లీ దారిలోకి వచ్చి డిటెక్టర్‌ను చేరుతుంది. మధ్యలో ఇంకో అయస్కాంతం, చిన్న రేడియో కాయిల్. అక్కడ కేంద్రకాలు తలకిందులైతే రెండో అయస్కాంతం వాటిని దారిలోకి తేలేదు. డిటెక్టర్‌కు చేరే అణువులు తగ్గిపోతాయి. లిథియం క్లోరైడ్ పుంజాన్ని పంపుతూ, రేడియో ఫ్రీక్వెన్సీని స్థిరంగా ఉంచి, మధ్య అయస్కాంతం బలాన్ని మెల్లగా మార్చారు. ఒకచోట గీత ఒక్కసారిగా కిందికి కుంగి మళ్లీ లేచింది. జకరయాస్, మిల్‌మన్, కుష్‌లతో కలిసి రాబీ ఆ ఫలితాన్ని 1938లో ఫిజికల్ రివ్యూలో ప్రచురించారు. 1944 సంవత్సరానికి భౌతికశాస్త్ర నోబెల్ దీనికే వచ్చింది. గోర్టర్‌కు మాత్రం ఆ బహుమతి ఎప్పటికీ రాలేదు.

అదే దశాబ్దంలో, బోస్టన్‌లో

రాబీ న్యూయార్క్‌లో అణువుల పుంజాలతో కుస్తీ పడుతున్న ఆ రోజుల్లోనే, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఇద్దరు సర్జన్లు వేరే చిక్కుముడి విప్పుతున్నారు. నడుం నుంచి పిరుదు మీదుగా కాలి దాకా కరెంటు షాకులా దిగే సయాటికా నొప్పికి కారణం ఏమిటన్నది అప్పటికి తేలలేదు. కొందరు రోగుల వెన్ను తెరిచి చూస్తే నరం పక్కన చిన్న గడ్డ కనిపించేది. దాన్ని కణితి అనుకుని తీసేసేవారు. విలియం జేసన్ మిక్స్‌టర్, జోసెఫ్ బార్ ఆ ముక్కలను మళ్లీ పరీక్షించి, వాటిలో చాలావరకు కణితులు కావని, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు చిట్లి బయటికొచ్చిన పదార్థమని గుర్తించారు. 19 మంది రోగుల వివరాలతో 1934లో వాళ్లు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాసిన వ్యాసంతోనే, మనం ఇవాళ డిస్కు జారడం అంటున్న జబ్బు వైద్యలోకానికి స్పష్టంగా అర్థమైంది.

జబ్బు తెలిసింది గానీ, వెన్ను తెరవకుండా చూసే మార్గం లేదు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, మెత్తని డిస్కు కనిపించదు. అందుకని వెన్నులో సూది గుచ్చి, నాడుల చుట్టూ ఉండే ద్రవంలోకి అయోడిన్ కలిసిన నూనె మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. దాని పేరు మైలోగ్రఫీ. మందు నిండిన చోట తెల్లగా ఉంటుంది. డిస్కు ఒత్తుతున్న చోట నొక్కు కనిపిస్తుంది. తీవ్రమైన తలనొప్పి రావడం మామూలే. ఆ నూనె లోపలే మిగిలిపోయి, నాడుల పొరలు వాచి, అతుక్కుపోయినవారూ ఉన్నారు. 1970లలో సీటీ స్కాన్ వచ్చేదాకా దశాబ్దాల పాటు ఇదే దిక్కు.

రాబీకి బోస్టన్ సర్జన్ల పని తెలిసి ఉండనవసరం లేదు. వాళ్లకూ ఆయన పని తెలియనవసరం లేదు. ఆ రెండు దారులూ కలవడానికి ఇంకా యాభై ఏళ్లు పట్టింది.

రాడార్ వైపు, బాంబుకు దూరంగా

1940లో రాబీ కొలంబియా వదిలి ఎంఐటీలోని రేడియేషన్ లేబొరేటరీకి వెళ్లారు. హిట్లర్ మీద యుద్ధానికి కావాల్సిన రాడార్లను తయారుచేసే చోటు అది. తర్వాత ఓపెన్‌హైమర్ తనకు సహాయ డైరెక్టర్‌గా లాస్ అలమోస్‌కు రమ్మన్నారు. రాబీ ఒప్పుకోలేదు. యుద్ధాన్ని గెలిపించేది రాడారేనని ఆయన నమ్మకం. అంతకు మించి, మూడు వందల ఏళ్ల భౌతికశాస్త్రం చివరికి సామూహిక హననానికి పనికొచ్చే ఆయుధంగా తేలడం ఆయనకు మింగుడు పడలేదు. సలహాదారుగా మాత్రం అప్పుడప్పుడు వెళ్లొచ్చేవారు.

ఈ చోట ఆయన్ను మచ్చలేని వ్యక్తిగా చూపించడం సరికాదు. సలహా ఇవ్వడం కూడా పాలుపంచుకోవడమే. 1945 జూలై 16న ట్రినిటీ పరీక్ష జరిగినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. పేలుడు ఎంత తీవ్రంగా ఉంటుందన్న దానిపై శాస్త్రవేత్తలు పందెం కాశారు. రాబీ ఆలస్యంగా వచ్చి, మిగిలిపోయిన 18 కిలోటన్నుల అంకె తీసుకున్నారు. పందెం ఆయనే గెలిచారు. తర్వాత, మొదటి ఉత్సాహం తగ్గిన కొద్ది నిమిషాలకు, ఒంట్లో వణుకు పుట్టిందని చెప్పుకున్నారు.

1949లో హైడ్రోజన్ బాంబు చేయాలా వద్దా అన్న ప్రశ్న అమెరికా అణుశక్తి కమిషన్ సలహా సంఘం ముందుకొచ్చింది. ఎన్రికో ఫెర్మీతో కలిసి రాబీ విడిగా ఒక నోట్ రాశారు. ఏ కోణంలో చూసినా అది చెడ్డ వస్తువేనని, నైతికంగా సమర్థించలేమని అందులో తేల్చి చెప్పారు. ప్రభుత్వం వినలేదు. 1954లో ఓపెన్‌హైమర్ దేశభక్తిని శంకిస్తూ విచారణ జరిగినప్పుడు చాలామంది వెనకడుగు వేశారు. రాబీ వెళ్లి, దేశానికి ఇంత చేసిన మనిషిని ఇలా అవమానించడం ఏమిటని నిలదీశారు. అదీ ఫలించలేదు.

ఫలించినవి వేరే ఉన్నాయి. 1950లో ఫ్లోరెన్స్‌లో జరిగిన యునెస్కో సమావేశంలో, యుద్ధంతో కుంగిన యూరప్ దేశాలు కలిసి ఒక పరిశోధనశాల పెట్టుకోవాలని ప్రతిపాదించింది ఆయనే. జెనీవా దగ్గరి సెర్న్ అలా మొదలైంది. 1955లో అణుశక్తి శాంతియుత వినియోగంపై ఐక్యరాజ్యసమితి జెనీవాలో జరిపిన తొలి సదస్సు వెనక కూడా ఆయన కృషి ఉంది. ఆ సదస్సుకు అధ్యక్షత వహించింది మన హోమీ భాభా.

మైనం ముద్ద నుంచి మనిషి దాకా

రాబీ పద్ధతి పనిచేయాలంటే అణువులు శూన్యంలో పుంజంలా ఎగరాలి. మనిషిని అలా పంపలేం కదా. 1945-46లో ఆ అడ్డు తొలగింది. రాడార్ ప్రయోగశాలలో రాబీ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ పర్సెల్ హార్వర్డ్‌లో పారాఫిన్ మైనంలో, ఫెలిక్స్ బ్లాక్ స్టాన్‌ఫర్డ్‌లో నీటిలో అదే అనునాదాన్ని విడివిడిగా పట్టుకున్నారు. 1952 నోబెల్ వాళ్లిద్దరిదీ. 1951లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్, ప్రవహిస్తున్న ద్రవాల్లో ఈ సంకేతం ఎలా మారుతుందో ప్రచురించారు. శరీరంలో ప్రవాహాలను అయస్కాంత అనునాదంతో కొలిచే పద్ధతుల చరిత్ర రాసేవాళ్లు మొదట గుర్తుచేసే వ్యాసాల్లో అదొకటి.

1971లో రేమండ్ డమేడియన్, ఎలుకల కణితుల నుంచి వచ్చే సంకేతం మామూలు కణజాలం కన్నా వేరుగా ఉందని చూపించారు. 1973లో పాల్ లాటర్‌బర్, అయస్కాంత బలం ఒక చోట కాస్త ఎక్కువ, ఒక చోట కాస్త తక్కువ ఉండేలా చేస్తే ఏ సంకేతం ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుందని రుజువు చేశారు. ఆయన తీసిన మొదటి చిత్రం నీళ్లున్న రెండు సన్నని గొట్టాలది. నేచర్ పత్రిక ఆ వ్యాసాన్ని మొదట తిప్పి పంపింది. ఇంగ్లండ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ చిత్రాలను వేగంగా తీసే గణితాన్ని సిద్ధం చేశారు. లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ వచ్చింది. తనను వదిలేశారని డమేడియన్ పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలిచ్చి మరీ నిరసన తెలిపారు.

యంత్రం ఆసుపత్రుల్లోకి వచ్చేసరికి దాని పేరులోని 'న్యూక్లియర్' అనే మాట తీసేశారు. ఆ మాట వింటే రోగులు బాంబునూ, రేడియేషన్‌నూ తలచుకుంటారని భయం. నిజానికి ఎంఆర్ఐలో అటువంటి రేడియేషన్ ఏమీ ఉండదు.

డిస్కును యంత్రం ఎలా చూస్తుంది

వెన్నుపూసల మధ్య డిస్కు చిన్న దిండు లాంటిది. బయట గట్టి నారల వలయం, లోపల జిగురు లాంటి గుజ్జు. పడుచు వయసులో ఆ గుజ్జులో అధిక భాగం నీరే. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు. ప్రతి హైడ్రోజన్ కేంద్రకమూ రాబీ చెప్పిన బొంగరమే. 1.5 టెస్లా యంత్రంలో ఆ బొంగరాలు సెకనుకు సుమారు 6.4 కోట్ల సార్లు తల ఊపుతాయి. అదే ఫ్రీక్వెన్సీలో రేడియో తరంగం పంపి, ఆపేసి, కేంద్రకాలు తిరిగి సర్దుకుంటూ పంపే సంకేతాన్ని యంత్రం వింటుంది. కొవ్వులో ఒక తీరుగా, నీటిలో ఒక తీరుగా, గట్టి నారల్లో ఇంకో తీరుగా సర్దుకుంటాయి. ఎప్పుడు వినాలన్నది మార్చితే చిత్రమే మారిపోతుంది.

రిపోర్టుల్లో కనిపించే టీ1, టీ2 అనేవి ఇవే. టీ1 చిత్రంలో కొవ్వు తెల్లగా మెరుస్తుంది కాబట్టి, నరం చుట్టూ ఉండాల్సిన కొవ్వు పొర చెదిరిందేమో తెలుస్తుంది. టీ2లో నీరు మెరుస్తుంది. వెన్నుద్రవం తెల్లని ధారలా కనిపించి, డిస్కు ఎక్కడ దాన్ని నొక్కుతోందో సూది గుచ్చకుండానే బయటపడుతుంది. మైలోగ్రఫీ చేసిన పనంతా ఇక్కడ నీరే చేసిపెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్కు మధ్యలో తెల్లగా, నీరు తగ్గిన డిస్కు నల్లగా కనిపిస్తుంది. స్టిర్ అనే పద్ధతిలో కొవ్వు సంకేతాన్ని అణిచేస్తారు. అప్పుడు ఎముకలోని వాపు, ఇన్ఫెక్షన్ దాక్కోలేవు.

ఆపరేషన్ అయినవాళ్లకు మళ్లీ నొప్పి వస్తే అది కొత్తగా జారిన డిస్కా, పాత కోత మానిన మచ్చా అన్నది పెద్ద ప్రశ్న. గడోలినియం మందు ఎక్కించి వెంటనే స్కాన్ చేస్తే, రక్తనాళాలున్న మచ్చ మెరుస్తుంది, డిస్కు ముక్క మధ్యభాగం మెరవదు. మళ్లీ ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది చాలాసార్లు దీని మీదే ఆధారపడుతుంది. ఈ రకం మందుల్లో మొదటిదానికి అమెరికాలో అనుమతి వచ్చింది 1988లో, రాబీ చనిపోయిన ఏడాదే.

పరిశోధకులు ఇంకా ముందుకు వెళ్తున్నారు. డిఫ్యూజన్ టెన్సర్ పద్ధతితో నరం పోగుల వెంట నీరు కదిలే తీరును కొలిచి, నొక్కుకుపోయిన నరం ఎంత దెబ్బతిందో అంచనా వేయాలని చూస్తున్నారు. టీ2 మ్యాపింగ్‌తో డిస్కు ఆకారం చెడకముందే దాని గుజ్జులో వచ్చే మార్పును అంకెల్లో పట్టాలని చూస్తున్నారు. పడుకున్నప్పుడు డిస్కు మీద బరువు పడదు కాబట్టి, నిలబెట్టి తీసే యంత్రాలూ వచ్చాయి. ఇవన్నీ ఇంకా రోజువారీ వైద్యంలో టీ1, టీ2 అంత స్థిరపడలేదు.

చిత్రం చెప్పలేనిది

రాబీ కథ ఇక్కడితో ఆపితే మన నడుం నొప్పి ఫైలుకు న్యాయం జరగదు. 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లోనే ఒక అధ్యయనం వచ్చింది. నడుం నొప్పి లేని 98 మందికి ఎంఆర్ఐ తీశారు. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్లు 36 శాతమే. 52 శాతం మందిలో కనీసం ఒక డిస్కు ఉబ్బి ఉంది. 27 శాతం మందిలో డిస్కు ఒకచోట బయటికి పొడుచుకొచ్చింది. వీళ్లలో ఎవరికీ నొప్పి లేదు.

అంటే ఫిల్ములో డిస్కు ఉబ్బు కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని చెప్పలేం. ఏ నరం నొక్కుకుందని చిత్రం చెబుతోందో, కాలిలో నొప్పి, తిమ్మిరి, బలహీనత ఆ నరం దారిలోనే ఉన్నాయా అని డాక్టర్ చేత్తో పరీక్షించి సరిపోల్చుకోవాలి. డిస్కు జారి సయాటికా వచ్చినవాళ్లలో ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. బయటికొచ్చిన ముక్కను శరీరమే క్రమంగా కరిగించుకోవడం కూడా ఎంఆర్ఐలోనే చూశారు. అందుకే మామూలు నడుం నొప్పికి మొదటి రోజే స్కాన్ అక్కర్లేదని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి.

ఆలస్యం చేయకూడని సందర్భాలూ ఉన్నాయి. మూత్రం, మలం మీద పట్టు తప్పడం, తొడల మధ్య భాగం మొద్దుబారడం, కాలు రోజురోజుకీ బలహీనపడటం, నొప్పితో పాటు జ్వరం, క్యాన్సర్ చరిత్ర, పెద్ద దెబ్బ తగలడం. ఇలాంటివి ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు ఎంఆర్ఐ ఒక మనిషి నడకను కాపాడగలదు.

మన ఊళ్లలో తరచూ జరిగేది ఇంకో రకం. నొప్పి వచ్చిన మూడో రోజే స్కాన్, రిపోర్టులో నాలుగు భయపెట్టే మాటలు, ఇంటిల్లిపాదికీ నిద్ర కరువు, అప్పు చేసి ఆపరేషన్ చేయించుకోవాలా అన్న చర్చ. ఫిల్మును చదివినంత శ్రద్ధగా మనిషిని చదివే సమయం ఓపీ గదిలో దొరకదు. యంత్రం అబద్ధం చెప్పదు. కానీ అది జవాబిచ్చేది నీరు ఎక్కడుంది, కొవ్వు ఎక్కడుంది అన్న ప్రశ్నకే. నొప్పి ఎందుకన్న ప్రశ్న వేయాల్సింది మనుషులే.

రాబీ 1967లో కొలంబియా నుంచి రిటైరయ్యారు. ఆయన చేతి కింద పనిచేసినవాళ్లలో, చదువుకున్నవాళ్లలో కుష్, ష్వింగర్, రామ్సే నోబెల్ అందుకున్నారు. పరమాణు పుంజంతో గడియారం చేయవచ్చని 1945లోనే ఆయన సూచించారు. మన ఫోన్లలోని జీపీఎస్ నడిచేది పరమాణు గడియారాల మీదే. 1988 జనవరి 11న న్యూయార్క్‌లో తన ఇంట్లో కన్నుమూశారు. ఆ స్కాన్ ఆయన జబ్బును నయం చేయలేకపోయింది. ఒక్కటి మాత్రం జరిగింది. బడి నుంచి రాగానే అమ్మ అడిగిన ప్రశ్నతో మొదలైన ప్రయాణం ఎక్కడిదాకా వచ్చిందో, ఆ గొట్టంలో పడుకుని ఆయన కళ్లారా చూసుకోగలిగారు.